తాళానికి ఒక్క చెవి

త్బిలిసీలో, సొలొలాకీ ఎగుడు వీధిలో,
రొట్టెల బట్టీ మీది గదిలో కూర్చుని
ఒక్క గడి దగ్గర ఆగిపోయాను.

గడి పేరు: చిరునామా.

పేరుకు చోటిచ్చాను, వయసుకిచ్చాను,
పిల్లలెందరో, ఎవరికి ఏ మందు పడదో, వాటికీ ఇచ్చాను.
ఇల్లు విడిచి పారిపోయి వచ్చినవాళ్ళు
ఈ రాత్రి ఎక్కడ పడుకున్నారో
అది ఎలా దాచాలో తేలడం లేదు.

వఖ్తాంగ్ అంటాడు:
అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసెయ్యి తమ్తా, ఆలోచించేదేముంది?
పోయిన చలికాలం మెట్రోలో మన లాప్‌టాప్ పోయింది.
ఎత్తుకెళ్ళినవాడు అమ్ముకుని ఉంటాడు, అంతే అయి ఉంటుంది.
ఆ "ఉంటుంది" మీద
మూడు వారాలు నిద్రపోలేదు మేం.
పదకొండు మందిని ఇళ్ళు మార్చాం, మంచులో.
ఒకామె కుట్టుమిషన్ లేనిదే కదలనంది,
దాన్నీ మోశాం.

అతని మాట కాదనలేను.
ప్లెయిన్ టెక్స్ట్ అంటే
దీపం వెలిగించి, తలుపు తీసిపెట్టి పడుకోవడమే.
సర్వర్ అద్దెకిచ్చినవాడు చూడొచ్చు,
వాడి బావమరిది చూడొచ్చు,
ఆ బావమరిదే వీళ్ళలో ఒకామె మొగుడూ కావొచ్చు.

అయినా చెయ్యి ఆడలేదు.
సొరుగులో ఎతెరీ నోటుబుక్ ఉంది.

పంతొమ్మిదేళ్ళు ఒక్కతే నడిపింది ఈ చోటుని.
కంప్యూటర్‌ని ముట్టుకున్నది లేదు.
మనుషులకు బదులు పళ్ళు రాసేది,
వీధులకు బదులు చుట్టరికాలు.
"దానిమ్మ, రెండు గింజలు, పెద్దత్త దగ్గర, గురువారం దాకా."
ద్రాక్షతీగ కొసల్లా మెలితిరిగే మా అక్షరాల్లో
ఎవడు తెరిచి చూసినా
వంటల పుస్తకమనుకుని మూసేసేవాడు.

మార్చిలో పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది.
ఆస్పత్రి మంచం పక్కన నోటుబుక్ విప్పి
దానిమ్మ ఎవరు? అని అడిగాను.
నన్నే చూసింది.
తెలుసు ఆమెకు. చూపులో అంతా ఉంది,
వేళ్ళు దుప్పటి అంచుని నలుపుతూనే ఉన్నాయి.
ఎక్కడో పెద్దత్త ఇంట్లో
దానిమ్మ గురువారం దాకా ఎదురుచూసి ఉంటుంది.
శుక్రవారం కూడా.

దొంగ చదవలేనిది
మనమూ చదవలేకపోవడం.
వఖ్తాంగ్ దీన్ని "కీ పోవడం" అంటాడు,
జేబులోంచి చిల్లర జారినట్టు.

తాళంచెవి అంటాం కదా.
తాళానికి ఒక్కటే చెవి.
గోడలకైతే లెక్కలేనన్ని.
వీటి మధ్య ఒక మనిషి పేరు
ఎంత మెల్లగా పలికితే సరిపోతుంది?

వెతుకులాట సంగతొకటి.
రాత్రి రెండింటికి ఫోన్ మోగితే
కాపలా పిల్ల సగం పేరు కొట్టి చూస్తుంది.
తాళం పడిన గడికి సగం పేర్లు వినబడవు.

వారం వాదించుకున్నాం. చివరికి
పెన్సిలిన్ పడని పిల్లాడి సంగతి తెరిచే ఉంచాను,
పేరు లేకుండా, ఒక అంకె కింద.
వఖ్తాంగ్ గొణిగాడు. గొణగనీ.
వాడికి ఊపిరాడనప్పుడు
నేను పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకుంటూ కూర్చోలేను.

చిరునామాకు తాళం వేశాను.
కీని మూడు ముక్కలు చేశాం,
ఏ రెండు కలిసినా తెరుచుకునేలా.
ఒకటి అతనికి, ఒకటి నాకు,
మూడోది కాగితం మీద అచ్చేసి, కవరులో పెట్టి
కింద బట్టీ నడిపే జుజునాకిచ్చాను.
ఇదేమిటని అడగలేదు.
పిండి చేతులు కొంగుకి తుడుచుకుని
తడి తగలకూడదా, వేడి తగలకూడదా అంది.
రెండూ, అన్నాను.
ఉప్పు డబ్బా వెనక్కి తోసేసింది.

మొదటి వరుసలో "దానిమ్మ" అని రాశాను.
పిల్లలు: రెండు.
చిరునామా ఖాళీ.

ఈ ప్రోగ్రాం ఖాళీని కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది.
పొడుగాటి పిచ్చి అక్షరాల వరుస.
బయటినుంచి చూసేవాడికి
లోపల ఏదో ఉందనిపిస్తుంది.

రాసింది నేనే అయినా
అప్పుడప్పుడూ నాకూ అనిపిస్తుంది.